ఆవోస్తా లోయ: రోమన్ రస్తా నుంచి రాజు వేటబాట దాకా

ఇటలీ వాయవ్య మూలన, ఉత్తరాన స్విట్జర్లాండ్‌కూ పడమట ఫ్రాన్స్‌కూ ఆనుకుని ఆవోస్తా లోయ ఉంది. మౌంట్ బ్లాంక్ హిమానీనదాల నీటితో పుట్టిన డోరా బాల్తెయా నది ఈ లోయ పొడవునా పారి, మైదానంలోకి దిగి పో నదిలో కలుస్తుంది. వైశాల్యం 3,260 చదరపు కిలోమీటర్లు. ఇటలీ ప్రాంతాలలో ఇదే అతి చిన్నది. 1948 నుంచి దీనికి స్వయంప్రతిపత్తి ఉంది. ఇటాలియన్‌తో పాటు ఫ్రెంచ్ కూడా ఇక్కడ అధికార భాషే, అందుకే ఊళ్ల పేర్లలో చాలావరకు ఫ్రెంచ్ వినిపిస్తుంది. మౌంట్ బ్లాంక్, మాటర్‌హార్న్, మోంటే రోజా, గ్రాన్ పరదీసో, ఆల్ప్స్‌లో పేరున్న ఈ నాలుగు 4,000 మీటర్ల శిఖరాలూ లోయ అంచుల మీదే నిలిచాయి.

నడిచేవాళ్ల కోసమని వేసిన దారులు ఈ లోయలో తక్కువ. సైన్యం కోసం ఒకటి, రోమ్‌కు పోయే భక్తుల కోసం ఒకటి, పొలాలకు నీళ్లు పారించడానికి ఒకటి, రాజుగారి వేట కోసం ఒకటి, ఇలా ఎవరి అవసరానికి వాళ్లు వేసుకున్న బాటలే నేడు కాలినడక యాత్రికులకు మిగిలాయి. కొండను చూడడానికి వచ్చినవారు చరిత్రను, చరిత్ర కోసం వచ్చినవారు కొండను తప్పించుకోలేకపోవడం అందువల్లే. లోయను కింది నుంచి పైకి, నదికి ఎదురు నడుస్తూ చూడడం మంచిది. రోమన్లు వచ్చిన దారి కూడా అదే.

లోయ ముఖద్వారం పాంట్-సెయింట్-మార్టిన్. ఊరి నడుమ లీస్ వాగు మీద క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు రోమన్ వంతెన ఒకే కమానుతో నిలిచి ఉంది. వంతెనను కట్టింది దయ్యమని స్థానికుల కథ. మొదట దాటిన ప్రాణిని తనకిచ్చేయాలని దయ్యం షరతు పెడితే, సెయింట్ మార్టిన్ అవతలి ఒడ్డుకు రొట్టె ముక్క విసిరి ఒక కుక్కను పంపాడట. ఏటా కార్నివాల్ ముగింపులో ఆ దయ్యం బొమ్మను వంతెన కిందే తగలబెడతారు.

అక్కడికి దగ్గరలోనే ఉన్న డొన్నాస్‌ను చాలామంది కారులో దాటిపోతారు. అది పొరపాటు. లోయ మొత్తంలో రోమన్ల పనితనం ఇంత సూటిగా కనిపించే చోటు మరొకటి లేదు. ఆల్ప్స్ దాటి గాల్ దేశానికి పోయే రహదారిని ఇక్కడ కొండ చరియలోకి తొలిచి వేశారు. 221 మీటర్ల ముక్క ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఒకవైపు నిటారుగా చెక్కిన బండ, కాళ్ల కింద రాతి నేల, ఆ నేలలో శతాబ్దాల పాటు బండ్లు తిరిగి లోతుగా దిగిన చక్రాల గాళ్లు. దారి మధ్యలో బండను పూర్తిగా తొలగించకుండా నాలుగు మీటర్ల మందాన ఒక కమానుగా వదిలేశారు. మధ్యయుగంలో ఊరివాళ్లు దాన్నే కోటగుమ్మంగా వాడుకున్నారు. పక్కనే బండలోంచి చెక్కిన మైలురాయి మీద 36 అంకె ఉంది. ఆవోస్తా నగరం అక్కడికి 36 రోమన్ మైళ్లు, అంటే సుమారు 53 కిలోమీటర్లు. పైన రాతి స్తంభాల పందిళ్ల మీద ద్రాక్షతీగలు పాకిన మడులు కొండవాలు నిండా కనిపిస్తాయి.

డొన్నాస్ దాటగానే లోయ ఒక్కసారిగా ఇరుకవుతుంది. ఆ ఇరుకులో, నదికి అడ్డంగా పెరిగిన బండ మీద బార్డ్ కోట ఉంది. 1800 మే నెలలో సుమారు 40 వేల సైన్యంతో ఆల్ప్స్ దాటి వచ్చిన నెపోలియన్‌ను సుమారు 400 మంది ఆస్ట్రియన్ సైనికులు ఇక్కడే రెండు వారాల పాటు నిలవరించారు. ఫ్రెంచివారు రాత్రిపూట వీధిలో గడ్డి పరిచి, చప్పుడు కాకుండా ఫిరంగులను కోట కింద నుంచే దాటించవలసి వచ్చింది. ఆ అవమానం మరవని నెపోలియన్ తర్వాత కోటను నేలమట్టం చేయించాడు. ఇప్పుడు కనిపించేది 1830లలో సావోయ్ రాజులు తిరిగి కట్టించినది. తర్వాతి కాలంలో ఇటలీ ఏకీకరణకు సూత్రధారి అయిన కవూర్ 1831లో యువ సైనికాధికారిగా ఇక్కడ పనిచేశాడు. 2006 నుంచి కోటలో మ్యూజియంలు నడుస్తున్నాయి.

మధ్యయుగంలో ఈ లోయను ఏలినవారిలో షాలాన్ వంశం ముఖ్యమైనది. వాళ్ల కోటలు మూడు వరుసగా వస్తాయి. వెరేస్‌లోది 1390 నాటి కట్టడం, పక్కకు సుమారు 30 మీటర్లుండే ఒకే రాతి ఘనం, అలంకారమన్నది లేదు. నదికి అవతలి ఒడ్డున ఇసోన్యె కోట దీనికి పూర్తిగా విరుద్ధం. బయటి నుంచి మామూలు పెద్ద ఇల్లు, లోపలి ముంగిట్లో ఇనుముతో చేసిన దానిమ్మ చెట్టు, దాని కొమ్మల నుంచి జారే నీటి ధార. చుట్టూ ఉన్న వసారా గోడల మీద రాజుల విజయాలకు బదులు సంత, దర్జీ కొట్టు, మందుల దుకాణం, కాపలావాళ్ల గది బొమ్మలుగా వెలిశాయి. పదిహేనో శతాబ్దం చివర్లో మామూలు మనుషులు ఏం కట్టుకున్నారో, ఏం అమ్ముకున్నారో ఆ చిత్రాలు చెప్పినట్టు పుస్తకాలు చెప్పలేవు. మూడోది ఫెనీస్. రెండు వరుసల ప్రాకారాలు, బురుజులతో ఫొటోలలో అందరికీ తెలిసిన కోట ఇది. ముంగిట్లోని అర్ధవలయపు మెట్లపైన సెయింట్ జార్జ్ డ్రాగన్‌ను చంపుతున్న కుడ్యచిత్రం ఉంది. వంశం చితికిపోయాక కొంతకాలం ఇందులో పశువులను కట్టేసి గడ్డి దాచారు. 1895లో వాస్తుశిల్పి అల్ఫ్రెదో ద'ఆంద్రాదె కొని మరమ్మతులు చేయించాడు.

కోటల మధ్య ఒక పూట నడవాలనుకునేవారికి పంటకాలువల గట్లు బాగుంటాయి. చుట్టూ ఎత్తైన కొండలు వానమబ్బులను ఆపేయడం వల్ల లోయ అడుగున వర్షం తక్కువ. అందుకే 14, 15 శతాబ్దాలలో ఊళ్లవాళ్లు హిమానీనదాల నీటిని కొండవాలుల వెంట మైళ్ల దూరం మళ్లించారు. ఈ కాలువలను స్థానికంగా 'రు' అంటారు. అయాస్ లోయ నుంచి నీళ్లు తెచ్చే రు కూర్తో పొడవు సుమారు 25 కిలోమీటర్లు. నీరు పారాలంటే వాలు అతి స్వల్పంగా ఉండాలి గనుక గట్టు మీది బాట దాదాపు సమతలమే. మోకాళ్ల నొప్పులున్నవారూ పిల్లలూ పడమటి ఎండ దిగేదాకా లార్చ్ చెట్ల నీడన హాయిగా నడవవచ్చు.

ఆవోస్తా నగరం లోయకు నడిబొడ్డున, సముద్రమట్టానికి సుమారు 580 మీటర్ల ఎత్తున ఉంది. రోమన్లకు ముందు ఇది సలాస్సులనే కొండజాతి నేల. కనుమలు వాళ్ల చేతిలో ఉన్నంతకాలం రోమ్‌కు అవతలి దారి స్వేచ్ఛగా దొరకలేదు. క్రీస్తుపూర్వం 25లో రోమన్ సేనాని వర్రో మురేనా సలాస్సులను ఓడించాడు. 8,000 మంది యోధులతో పాటు 36,000 మందిని బానిసలుగా అమ్మేశారని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. ఆ ఖాళీ చేసిన నేల మీద 3,000 మంది రోమన్లతో కొత్త నగరం వెలిసింది. అదే ఆగస్టా ప్రెటోరియా, ఇప్పటి పేరు దాని నుంచే వచ్చింది. నగరంలోని రోమన్ శిథిలాల అందాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ 36,000 మందిని తలచుకోవడం చూసేవారి కనీస ధర్మం.

సుమారు 720 మీటర్ల పొడవు, 570 మీటర్ల వెడల్పున్న దీర్ఘచతురస్రపు నగర ప్రాకారం చాలావరకు నిలిచే ఉంది. తూర్పు ద్వారం పోర్టా ప్రెటోరియా దగ్గర నాటి నేలమట్టం నేటి వీధికి రెండు మీటర్లకు పైగా దిగువన కనిపిస్తుంది, ఇరవై శతాబ్దాలలో నగరం తన మట్టి మీద తానే అంత పైకి లేచింది. పక్కనే రంగశాల ముందుగోడ 22 మీటర్ల ఎత్తున కిటికీలతో సహా నిలబడి ఉంది. తూర్పున కొంచెం దూరంలో ఆగస్టస్ విజయతోరణం. దానిపై రాతిపలకల కప్పు మాత్రం రోమన్లది కాదు, వాన నీరు దిగకుండా 1716లో వేశారు. తోరణానికి దగ్గరలోని సాంతోర్సో చర్చి వసారాలో పన్నెండో శతాబ్దపు స్తంభాల తలలు బైబిల్ కథలతోనూ జంతువుల కథలతోనూ చెక్కి ఉన్నాయి. తెల్ల పాలరాతిని నల్లబరచి మరీ నిలిపిన ఆ స్తంభాలను తీరిగ్గా ఒక్కొక్కటిగా చూడాలి. నగరం పడమటి కొసన సెయింట్-మార్టిన్-ద-కోర్లేయాన్‌లో 1969లో బయటపడిన రాతియుగపు స్థలం ఉంది. మనిషి ఆకారంలో చెక్కిన నిలువురాళ్లు, సమాధులు అక్కడే మ్యూజియం కప్పు కింద ఉన్నాయి. ఐదువేల ఏళ్ల చరిత్ర గల ఆ చోటును రోమన్ కట్టడాల మోజులో వదిలేయకూడదు.

నగరం నుంచి ఉత్తరాన గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమకు దారి చీలుతుంది. ఎత్తు 2,469 మీటర్లు. కనుమ మీద రోమన్లు జూపిటర్‌కు గుడి కట్టుకుని, క్షేమంగా దాటినందుకు కంచు పలకలు మొక్కుగా సమర్పించేవారు. 990లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిజెరిక్ రోమ్ నుంచి తిరిగి వెళ్తూ ఈ దారిన నడిచి మజిలీల పేర్లు రాయించాడు. ఆ జాబితా ఆధారంగానే నేటి వియా ఫ్రాంచిజేనా యాత్రామార్గాన్ని గుర్తించారు. పదకొండో శతాబ్దంలో ఆవోస్తా చర్చి అధికారి బెర్నార్డ్ కనుమ మీద సత్రం స్థాపించాడు. సత్రం నేడు స్విట్జర్లాండ్ వైపు ఉంది, మంచులో చిక్కుకున్నవారిని వెతికిన పెద్ద కుక్కల జాతికి పేరు వచ్చింది ఇక్కడి నుంచే. 1964లో కింద సొరంగం తెరుచుకున్నాక లారీలన్నీ అటు మళ్లాయి, పాత దారి నడిచేవాళ్లకు దక్కింది.

దక్షిణాన కోన్యె లోయకు పోయే దారిలో పోందేల్ అనే చిన్న ఊరుంది. లోయలో ఒక్కటే కట్టడం చూసే వ్యవధి ఉంటే ఇక్కడి రోమన్ వంతెననే చూడాలి. గ్రాంద్ ఐవియా వాగు కోసిన గండి మీద, నీటికి యాభై మీటర్లకు పైగా ఎత్తున, క్రీస్తుపూర్వం 3లో ఒక రాతి వంతెన కట్టారు. వెడల్పు రెండు మీటర్లకు కొంచెమే ఎక్కువ. అందులో రెండు అంతస్తులు. పైన కప్పులేని నీటి కాలువ, దాని కింద మనుషులూ పశువులూ నడిచే ఇరుకు సొరంగం. ఇది చక్రవర్తి కట్టించినది కాదు. పాదువా నగరానికి చెందిన అవిలియుస్ కైముస్ సొంత ఖర్చుతో వేయించుకున్న ప్రైవేటు కాలువ అని వంతెన మీది శాసనమే చెబుతోంది. ఆ ప్రాంతపు పాలరాతి పనులకు ఆ నీరు కావలసి వచ్చిందని పరిశోధకుల అంచనా. నీళ్లు పారిన కాలువ గర్భంలోనే నేటి కాలిబాట సాగుతుంది, కింది సొరంగంలోనూ నడవవచ్చు.

కోన్యె ఊరు గ్రాన్ పరదీసో జాతీయోద్యానానికి గడప. ఉద్యానం కథంతా ఐబెక్స్ అనే కొండమేక చుట్టూ తిరుగుతుంది. దాని కొమ్ములూ నెత్తురూ మందులని, గుండె దగ్గర దొరికే శిలువ ఆకారపు ఎముక తాయెత్తని జనం శతాబ్దాల పాటు వేటాడారు. పంతొమ్మిదో శతాబ్దం మొదటికి ఆల్ప్స్ అంతటా అది తుడిచిపెట్టుకుపోయి, ఈ కొండల్లోనే కొద్ది మంద మిగిలింది. 1821లో వేట నిషేధించారు. 1856లో రాజు రెండవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ ఈ కొండలను తన సొంత వేటభూమిగా ప్రకటించుకున్నాడు. పాత దొంగవేటగాళ్లనే కాపలాకు పెట్టుకున్నాడు. తన గుర్రం ఎక్కగలిగేంత సులువైన వాలుతో, మలుపు మీద మలుపు తిప్పుతూ 300 కిలోమీటర్లకు పైగా రాతిబాటలు వేయించాడు. రాజు వేట మీద మోజే ఆ జంతువును బతికించింది, ఆయన లెక్కలేనన్ని చంపినా సరే. ఆయన మనుమడు మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ భూమిని దేశానికి ఇచ్చేశాడు. 1922 డిసెంబర్ 3న ఇటలీలో మొదటి జాతీయోద్యానం ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి 416 ఐబెక్స్‌లే మిగిలాయి. 1945 తర్వాత ఉద్యానాన్ని నిలబెట్టిన రెంజో విదెసోత్ పట్టుదల వల్ల మంద మళ్లీ పెరిగింది. నేడు ఆల్ప్స్‌లో తిరిగే ఐబెక్స్‌లన్నీ ఈ కొండల మంద సంతతే.

ఆ రాజబాటల్లో అందరూ నడవదగినది వాల్నోంతే నుంచి విత్తోరియో సెల్లా విడిది దాకా పోయేది. ఎక్కాల్సిన ఎత్తు సుమారు 900 మీటర్లు, మామూలు నడకకు రెండున్నర, మూడు గంటలు. విడిది సుమారు 2,580 మీటర్ల ఎత్తున, ఒకప్పటి రాజు వేటబస ఆవరణలో ఉంది. సాయంత్రం వేళ ఐబెక్స్‌లు పచ్చికలోకి దిగివస్తాయి. అక్కడి నుంచి 3,296 మీటర్ల లోసోన్ కనుమ దాటితే వాల్సవరాంష్ లోయ. ఆల్తా వియా 2 అనే సుదూర కాలిబాటలో ఇదే అత్యున్నత స్థానం. పైభాగం నిటారు, రాళ్లు జారతాయి, జూలై మొదట్లోనూ మంచు ఉండవచ్చు. కొండ అలవాటు లేనివారు విడిది దగ్గర ఆగిపోవాలి.

ఆవోస్తా లోయ చివర కూర్మయేర్ ఊరు. 1850లో ఏర్పడ్డ ఇక్కడి పర్వత మార్గదర్శుల సంఘం ఇటలీలో మొదటిది. మౌంట్ బ్లాంక్ చుట్టూ మూడు దేశాల్లో తిరిగే సుమారు 170 కిలోమీటర్ల బాట ఊరి మీదుగానే పోతుంది. అంతా నడవలేనివారు బెర్తోనె విడిది నుంచి బొనాత్తి విడిది దాకా ఒక పూట నడిస్తే చాలు. దాదాపు 2,000 మీటర్ల ఎత్తున సాగే ఆ బాటకు ఎదురుగా గ్రాంద్ జొరాస్ శిఖరాలూ వాటి హిమానీనదాలూ అడ్డులేకుండా కనిపిస్తాయి. ఆ హిమానీనదాలు కరుగుతున్నాయి. 2019లో ప్లాంపెన్సియూ హిమానీనదం కూలవచ్చన్న భయంతో వాల్ ఫెర్రె రోడ్డును మూశారు. 2024 జూన్ చివరి వరదకు కోన్యె రోడ్డు కొట్టుకుపోయి ఊరు ఒంటరిదైంది. బయలుదేరే ముందు దారులు తెరిచి ఉన్నాయో లేదో స్థానిక సమాచార కేంద్రంలో అడగడం తప్పనిసరి.

ఎత్తైన బాటలకు జూన్ మూడో వారం నుంచి సెప్టెంబర్ మధ్య వరకు అనువైన కాలం. విడిదుల్లో పడకలు ఆగస్టులో దొరకవు, ముందే చెప్పుకోవాలి. మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది గనుక తెల్లవారుజామునే నడక మొదలుపెట్టి, మధ్యాహ్నానికి కనుమ దిగిపోవాలి. సుదూర బాటల గుర్తు పసుపు త్రిభుజంలో అంకె. జాతీయోద్యానంలో డ్రోన్లకు అనుమతి లేదు. ఐబెక్స్ ఎంత మచ్చికగా నిలబడినా దగ్గరికి పోకండి, బాట వదలకండి. ఆపదలో 112కు ఫోన్ చేయండి.