దారి చూపే పరికరం – ఇంటిల్లిపాది సంప్రదింపు

మోటారు సైకిలుపై దూర ప్రయాణం తలపెట్టినవారికి జీపీఎస్ పరికరం ఎంచుకోవడం చిన్న విషయంగానే కనిపిస్తుంది. దుకాణంలో నాలుగు రకాలు చూసి, స్తోమతకు తగినది కొనుక్కుంటే చాలునని చాలామంది భావిస్తారు. కాని బండి నడిపేది ఒకరైనా, వారు క్షేమంగా తిరిగి వచ్చేదాకా ఆ ప్రయాణపు బరువు ఇల్లంతా మోస్తుంది. మా ఇంట్లో ఈ ఎంపికకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో మాకు తెలిసివచ్చిన విషయాలు ఇతర కుటుంబాలకూ ఉపయోగపడగలవన్న ఉద్దేశంతో ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మేము కడప వాసులం. ఇద్దరు అన్నదమ్ములం, మా బావగారు, మొత్తం ముగ్గురం మూడు మోటారు సైకిళ్ళపై బయలుదేరాలని సంకల్పించాము. నంద్యాల, ఆత్మకూరు మీదుగా దోర్నాల, శ్రీశైలం, అక్కడినుంచి నల్లమల దాటి హైదరాబాదు, ఆ తర్వాత బీదర్, కలబురగి, విజయపుర. తిరుగు ప్రయాణం రాయచూరు, కర్నూలు మీదుగా. బీదర్‌లో 1472 నాటి మహమూద్ గవాన్ మదరసాను, విజయపురలో గోల్ గుంబజ్‌ను కళ్ళారా చూడాలన్నది ఎన్నాళ్ళుగానో మా మనసులో ఉన్న కోరిక.

ధర కంటే ముందు అవసరం

మొదట మా ముగ్గురి మధ్యనే మూడు అభిప్రాయాలున్నాయి. చేతిలో ఫోను ఉండగా వేరే పరికరం దేనికని బావగారు అన్నారు. మోటారు సైకిళ్ళ కోసమే తయారైన జీపీఎస్ యూనిట్ ఒక్కొక్కరికి ఒకటి ఉండాలని తమ్ముడు పట్టుబట్టాడు. ధర విన్న తర్వాత అబ్బా కల్పించుకున్నారు. "ముందు మీకు కావలసింది ఏమిటో కాగితం మీద రాయండి. ధర సంగతి తర్వాత చూద్దాం. అవసరం లేనిదానికి పెట్టే ఖర్చు దుబారా. అవసరమైనచోట పిసినారితనం కూడా మంచిది కాదు" అన్నారు.

ఆ కాగితం మీద అందరికంటే బరువైన వాక్యం రాయించింది అమ్మీ. "బేటా, అడవిలో మీ ఫోను పలకదు. అప్పుడు మీకు దారి ఎలా తెలుస్తుంది? మాకు మీ కబురు ఎలా తెలుస్తుంది?" అన్నదే ఆమె ప్రశ్న. ఆ భయానికి కారణం లేకపోలేదు. అంతకు ముందటి ఏడాది మా చాచా కుమారుడు అదే అడవిదారిలో వస్తుండగా, దారి చూపి చూపి ఫోను బ్యాటరీ అయిపోయింది. బండి టైరుకు పంక్చరు పడింది. అతను క్షేమంగానే ఇల్లు చేరాడు. కాని అర్ధరాత్రి దాకా ఏ కబురూ లేక, చాచీ తస్బీహ్ చేతపట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయిన దృశ్యం ఇంట్లో ఎవరూ మరచిపోలేదు.

అమ్మీ అడిగినవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మనకు దారి తెలియడం ఒకటి, మన కబురు ఇంటికి చేరడం మరొకటి. దుకాణదారులు సాధారణంగా ఈ రెండింటినీ కలిపివేస్తారు. కొనేవారు వాటిని విడదీసి చూసుకోవాలి.

నెట్‌వర్క్ వేరు, జీపీఎస్ వేరు

ఫోనుకు సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదన్న అపోహ మన సమాజంలో విస్తారంగా ఉంది. వాస్తవానికి భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు కాలాన్ని తెలిపే సంకేతాలను నిరంతరం పంపుతుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే చాలు, తాను భూమిపై ఎక్కడున్నదీ పరికరం లెక్కించుకోగలదు. దీనికి సెల్ టవరుతో పనిలేదు. అమెరికా జీపీఎస్‌తోపాటు రష్యా గ్లోనాస్‌ను, ఐరోపా గెలీలియోను, మన దేశపు నావిక్‌ను కూడా అందుకోగల పరికరమైతే, చెట్లు, కొండలు ఆకాశాన్ని మూసే చోట మరింత నమ్మకంగా పనిచేస్తుంది.

సిగ్నల్ పోయినప్పుడు లేకుండా పోయేది పటం. ఫోను ఆ పటాన్ని ఇంటర్నెట్ నుంచి ముక్కలు ముక్కలుగా తెచ్చుకుంటుంది. ముందుగానే ఆయా ప్రాంతాల ఆఫ్‌లైన్ పటాలను దించుకుంటే ఫోను కూడా అడవిలో దారి చూపుతుంది. కాని రద్దీ సమాచారం అందదు. ఆ పటాలకు గడువు కూడా ఉంటుంది కనుక బయలుదేరే ముందు కొత్తవి దించుకోవాలి. మోటారు సైకిల్ యూనిట్లలోనైతే పటం మొత్తం యంత్రంలోనే నిక్షిప్తమై ఉంటుంది.

ఇక్కడే మా ప్రాంతపు కుటుంబాలు గమనించవలసిన విషయం ఒకటుంది. కువైట్‌లో ఉంటున్న మా మామూ, సెలవుపై వచ్చేటప్పుడు అక్కడినుంచి ఒక యూనిట్ తెస్తానని ప్రేమగా చెప్పారు. విచారించగా తేలినదేమంటే, ఇటువంటి యూనిట్లు ఏ ప్రాంతంలో అమ్ముడవుతాయో ఆ ప్రాంతపు పటంతోనే వస్తాయి. గల్ఫ్ దేశాల పటం నల్లమలలో పనికిరాదు. భారతదేశపు పటం అందులో ఉన్నదా, లేకుంటే విడిగా కొనవలసి ఉంటుందా, దాన్ని కొత్తది చేసుకోవడానికి ఏటా రుసుము కట్టాలా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరకకుండా కొనకూడదు.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. కొన్ని పరికరాలు దారి చూపడంతోపాటు ఉపగ్రహం ద్వారా సందేశాలను కూడా పంపగలవు. అమ్మీ రెండో ప్రశ్నకు ఇదే జవాబని మేము మొదట సంతోషించాము. కాని ఉపగ్రహ ఫోన్లను, ఇటువంటి సందేశ యంత్రాలను ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం. విదేశాలనుంచి తెచ్చినవారు విమానాశ్రయాల్లో చిక్కుల్లో పడిన సందర్భాలున్నాయి. కాబట్టి గల్ఫ్‌లోని బంధువులచేత ఏదైనా తెప్పించుకునేవారు అది సంకేతాలను అందుకునే యంత్రమా, పంపే యంత్రమా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఫోనా? ప్రత్యేక యూనిటా?

ఫోనుకు అనుకూలంగా చెప్పవలసినవి చాలా ఉన్నాయి. అది ఇప్పటికే చేతిలో ఉంది. కొత్త రోడ్లు అందులో త్వరగా కనిపిస్తాయి. ఊళ్ళో, రోజువారీ పనులకు అంతకు మించినది అవసరం లేదు. కాని హ్యాండిల్‌పై బిగించి రోజంతా నడిపినప్పుడు దాని బలహీనతలు బయటపడతాయి. మండుటెండలో ఫోను వేడెక్కి తెర వెలుగు తగ్గిపోతుంది, ఒక్కొక్కప్పుడు ఛార్జింగ్ కూడా ఆగిపోతుంది. వాన చినుకులు పడితే తెర వాటిని వేలి స్పర్శగా భావిస్తుంది. చేతి తొడుగులతో తాకితే స్పందించదు. శక్తివంతమైన మోటారు సైకిల్ ఇంజన్ల ప్రకంపనలకు ఎక్కువకాలం గురైతే ఐఫోన్ కెమెరాలు దెబ్బతినవచ్చునని ఆపిల్ సంస్థ 2021లో స్వయంగా హెచ్చరించింది.

గార్మిన్ జూమో వంటి ప్రత్యేక యూనిట్లు ఈ లోపాలను దృష్టిలో పెట్టుకుని తయారైనవే. తొడుగులతో తాకినా పనిచేస్తాయి. ఎండలో తెర స్పష్టంగా కనిపిస్తుంది. ఐపీఎక్స్7 గుర్తు ఉన్నదంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా తట్టుకుంటుందని అర్థం. బండి బ్యాటరీ నుంచే విద్యుత్తు తీసుకుంటాయి. వైరుకు ఫ్యూజు ఉండాలి, తాళం తీయగానే కరెంటు ఆగేలా కలపాలి. లేకపోతే తెల్లవారేసరికి బండి బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఇక ధర మాత్రం ఒక మంచి ఫోను ధరకు తక్కువ కాదు.

మరి ఏది మేలు? మేము పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే. చూపును రోడ్డుమీదనుంచి ఏది తక్కువసేపు మళ్ళిస్తుందో అదే మంచి పరికరం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేటప్పుడు రెండు సెకన్లు తెరవైపు చూస్తే, బండి సుమారు 33 మీటర్లు చూపు లేకుండానే వెళ్తుంది. ఆ 33 మీటర్లలో ఒక మేక అడ్డం రావచ్చు, ఒక పసిబిడ్డ రావచ్చు. కనుక తెర ఎంత పెద్దదన్నదానికంటే, మలుపు గుర్తు ఒక్క చూపులో అర్థమవుతుందా, హెల్మెట్‌లోని స్పీకరుకు మాట స్పష్టంగా వినిపిస్తుందా, దాన్ని కంటిచూపుకు దగ్గరగా బిగించే వీలుందా అన్నవే ముఖ్యం. 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల నిబంధనలు సైతం నడిపేవారి ఏకాగ్రత చెడకుండా, కేవలం దారి తెలుసుకోవడానికే ఫోను వంటి పరికరాలను వాడవచ్చునని చెబుతున్నాయి.

యంత్రానికి తెలియని సంగతులు

ఎంత ఖరీదైన యంత్రమైనా దానికి తెలియనివి కొన్ని ఉంటాయి. నల్లమలలో దోర్నాల–శ్రీశైలం, దోమలపెంట–మన్ననూరు దారులలో వన్యప్రాణుల రక్షణ కోసం రాత్రి 9 గంటలనుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. పటంలో మాత్రం అది పగలూ రాత్రీ ఒకేలా కనిపించే రోడ్డు. వానాకాలంలో వాగు పొంగి చప్టా మునిగినా పటం దాన్ని రోడ్డుగానే చూపుతుంది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ ప్రాంతంలో, వరదకు కొంతభాగం కొట్టుకుపోయిన వంతెనమీదనుంచి కారు రామగంగా నదిలో పడి ముగ్గురు మరణించారు. వారు నావిగేషన్ చూపిన దారిలో వెళ్ళినట్లు వార్తలు వచ్చాయి.

ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోవడం మనకు తెలిసిన సంప్రదాయమే. బావగారు వయసులోనూ, అనుభవంలోనూ పెద్దవారు కనుక ఆయననే అమీరుగా అంగీకరించాము. దాంతో పరికరం ఎవరి బండిపై ఉండాలన్న వివాదం కూడా తీరిపోయింది. యంత్రం సలహా చెబుతుంది, అమీరు నిర్ణయిస్తారు, అనుమానం వచ్చినచోట స్థానికులను అడుగుతారు. మూడు బండ్లకు మూడు యూనిట్లు ఉంటే మూడు గొంతులు మూడు దారులు చెప్పే ప్రమాదం ఉంది. ఒకటి ఉంటే చాలు.

మా నిర్ణయం

ముందు నడిచే బావగారి బండికి భారతదేశపు పటం ఉన్న ఒక యూనిట్‌ను ముగ్గురం ఖర్చు పంచుకుని కొన్నాము. రెండో బండిపై ఇంట్లో పడివున్న పాత ఫోనును, సిమ్ లేకుండా, ఆఫ్‌లైన్ పటాలతో అమర్చాము. మా ముగ్గురి అసలు ఫోన్లను పూర్తి ఛార్జింగ్‌తో జేబుల్లోనే ఉంచాము. ఆపదలో మనిషిని పిలిచే సాధనాన్ని దారి చూపే పనిలో అరగదీయకూడదని చాచా ఇంటి అనుభవం మాకు నేర్పింది.

దారిని ఇంట్లోనే కంప్యూటరుపై గీసి జీపీఎక్స్ ఫైలుగా రెండింటిలోనూ ఎక్కించాము. ఈ ఫైలులో 'రూట్', 'ట్రాక్' అని రెండు విధాలుంటాయి. రూట్‌గా ఇస్తే పరికరం తన పటాన్ని బట్టి మళ్ళీ లెక్కవేసి దారి మార్చవచ్చు. ట్రాక్‌గా ఇస్తే మనం గీసిన గీత అలాగే ఉంటుంది. అడవిదారికి మేము ట్రాక్‌నే ఎంచుకున్నాము. జుహర్, అస్ర్ వేళలకు దారిలో తగిలే మసీదులను విరామస్థలాలుగా ముందే గుర్తించాము. నమాజుకు వెళ్ళేటప్పుడు యూనిట్‌ను ఒక్క మీట నొక్కి విప్పి వెంట తీసుకువెళ్ళే వీలుండటం మాకు ఎంతో ఉపకరించింది.

ఖిబ్లా విషయంలో ఒక మాట. ఉపగ్రహ సంకేతాలు మనమున్న చోటును చెబుతాయి. నిలబడి ఉన్నప్పుడు మన ముఖం ఎటు ఉన్నదో చెప్పలేవు. ఆ పని పరికరంలోని అయస్కాంత దిక్సూచిది. బండి ఇనుము దగ్గర అది తప్పు చూపుతుంది. నాలుగు అడుగులు దూరం జరిగి చూసుకోవాలి. మా కడపకు ఖిబ్లా నేరుగా పడమర కాదు, పడమరనుంచి ఉత్తరానికి సుమారు 16 డిగ్రీలు. 11వ శతాబ్దంలో అల్ బీరూనీ ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలను నిర్ధారించడంపై ఒక గ్రంథమే రచించి, అందులో గజ్నీ నగరపు ఖిబ్లాను లెక్కకట్టారు. నేడు అటువంటి లెక్క క్షణంలో మన అరచేతిలోకి వస్తున్నది.

అమ్మీ రెండో ప్రశ్నకు జవాబు ఏ దుకాణంలోనూ దొరకలేదు. దాన్ని ఒక కాగితం తీర్చింది. ఏ రోజు ఏ ఊరు, అడవిలోకి ఎన్ని గంటలకు ప్రవేశిస్తాము, ఎన్ని గంటలకు బయటపడతాము, ఎక్కడనుంచి ఫోను చేస్తాము, ఆ సమయం దాటి ఎంతసేపు ఆగి ఎవరికి ఫోను చేయాలి అన్నవన్నీ పెద్ద అక్షరాలతో రాసి వంటగది గోడకు అంటించాము.

అడవిలో అనుకున్నట్లే ఫోన్లు చాలాసేపు మూగబోయాయి. యూనిట్ మాత్రం ఎక్కడా తప్పకుండా దారి చూపింది. బీదర్ పాతబస్తీలో అది బండి పట్టని సందులోకి తిప్పబోగా, బావగారు బండి ఆపి ఒక టీ దుకాణదారును అడిగారు. మన్ననూరు దాటిన తర్వాత మేము చేసిన ఫోను చెప్పిన సమయానికి ఇరవై నిమిషాలు ముందే ఇంటికి చేరింది. అమ్మీ అప్పుడు ఆ కాగితం ముందే నిలబడి ఉన్నారట.

దూర ప్రయాణం తలపెట్టే యువకులు పరికరం కొనే ముందు ఇంట్లోని పెద్దలతో, ముఖ్యంగా తల్లులతో ఒకసారి కూర్చోవాలని మా మనవి. పరికరాల ప్రకటనల్లో కనిపించని ప్రశ్నలు వారి దగ్గర ఉంటాయి. బాటసారులందరినీ అల్లాహ్ క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక! ఆమీన్.