పడమటి గాలి

పోయిన నెల మా టీమ్‌లో తమ్ముడొకడు మధ్యాహ్నం భోజనం దగ్గర నా పక్కన కూర్చుని ఫోను చూపించాడు. వాడికి అమెరికాలోని మిల్వాకీ ప్రాజెక్టు వచ్చింది. ఫోనులో పదహారు అడుగుల అల్యూమినియం పడవ బొమ్మ ఉంది. పాత పడవే, వెళ్లగానే కొంటాడట. "అన్నా, అక్కడ సరస్సులో సాల్మన్ పడతరంట కదా. నువ్వు గూడ పట్టినవంట. జర చెప్పవా, ఎట్ల పట్టాలె?" అన్నాడు.

మాదాపూర్‌లో మా ఆఫీసు ఏసీ ఎండాకాలంలో కూడా చలి పుట్టిస్తుంది. వాడి మాట వినగానే నా వేళ్లు బిగుసుకున్నాయి. అన్నం ముద్ద పళ్లెంలోనే వదిలేసి వాణ్ణి ఖాళీగా ఉన్న మీటింగ్ రూమ్‌లోకి తీసుకెళ్లాను. అమ్మకు కూడా పూర్తిగా చెప్పని సంగతి వాడికి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మాది నాగార్జునసాగర్. డ్యామ్ నిండిన కొత్తల్లో విశాఖ తీరం నుంచి వలస వచ్చిన జాలరి కుటుంబాల్లో మాదొకటి. నాన్న పుట్టిలో కూర్చుని వల వదులుతుంటే నేను తెడ్డు వేసేవాణ్ణి. బొచ్చె, శీలావతి, వాలుగ ఏ నీళ్లలో తిరుగుతాయో బడికి పోకముందే తెలుసు. వేసవి సాయంత్రాల్లో ఈదురుగాలి లేస్తే పుట్టిని ఏ రాతి చాటుకు తిప్పాలో తెలుసు. రెండుసార్లు పుట్టి తిరగబడింది, రెండుసార్లూ ఈదుకుంటూ గట్టెక్కాను. నీళ్ల భయం అంటే ఏమిటో నాకు తెలియదు.

2019లో ఆఫీసువాళ్లు నన్ను మిల్వాకీ పంపారు. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. సరస్సు అంటున్నాను గానీ దాని విస్తీర్ణం దాదాపు 58,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగానికి పైనే. సాగర్ లాంటివి రెండు వందలు పడతాయి. అవతలి గట్టు 80 మైళ్ల దూరం. అక్కడ నాకు భీమవరం అబ్బాయి ఒకడు స్నేహితుడయ్యాడు. వాళ్లది చేపల చెరువుల కుటుంబం. ఇద్దరం కలిసి పాత పడవ ఒకటి కొన్నాం. లైసెన్సు తీసుకున్నాం, దాని మీద సాల్మన్, ట్రౌట్ పట్టడానికి వేరే స్టాంపు ఉంటుంది, అదీ తీసుకున్నాం.

ఆ వేట మన వేట లాంటిది కాదు. గాలం వేసి కూర్చోరు. పడవను గంటకు రెండు మూడు మైళ్ల వేగంతో నడుపుతూ, మెరిసే రేకు ఎరలను వెనకాల నీళ్లలో లాగుతారు. చేప లోతున ఉంటే అయిదు కిలోల సీసం గుండును ఉక్కు తీగతో దించి, గాలం దారాన్ని దానికి క్లిప్పుతో పట్టిస్తారు. చేప లాగగానే క్లిప్పు వదిలేస్తుంది. లోతు ఎంతన్నది చన్నీళ్లు చెబుతాయి. సాల్మన్‌కు పన్నెండు డిగ్రీల చుట్టుపక్కల ఉండే నీళ్లంటే ఇష్టం. ఎండాకాలంలో పైనీళ్లు వేడెక్కితే అది కిందికి దిగిపోతుంది, గట్టుకు దూరమవుతుంది. చిన్న పడవలకు అందదు.

కానీ పడమటి గాలి రెండు రోజులు గట్టిగా వీస్తే కథ మారుతుంది. మిల్వాకీ ఉన్నది సరస్సుకు పడమటి గట్టున. గాలి పైనున్న గోరువెచ్చని నీళ్లను సరస్సు మధ్యకు తోసేస్తుంది. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చన్నీళ్లు ఎగదన్ని వస్తాయి. వాటితో పాటే చేపలూ గట్టు దగ్గరకు వస్తాయి.

జూలై ఆఖరు శుక్రవారం రాత్రి భీమవరం వాడు ఫోను చేశాడు. "బావా, రెండు రోజుల నుంచి పడమటి గాలే. గట్టు దగ్గర నీళ్లు తొమ్మిది డిగ్రీలకు పడిపోయాయి. చేపలన్నీ మన కాళ్ల దగ్గరకే వచ్చేశాయి." ఇద్దరం సంబరపడ్డాం. చేపలను దగ్గరకు తెచ్చిన ఆ చన్నీళ్లలో మనిషి పడితే ఏమవుతాడన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకు మెకిన్లీ రేవులో పడవ దించాం. గట్టు పక్కన నీళ్లు అద్దంలా ఉన్నాయి. అదే మోసం. గాలి ఒడ్డు మీద నుంచి లోపలికి వీస్తున్నప్పుడు గట్టు చాటున అల లేవదు, లోపలికి పోయేకొద్దీ లేస్తుంది. రెండు మైళ్లు వెళ్లాం. పొద్దు పొడిచే వేళకు చినూక్ సాల్మన్ ఒకటి తగిలింది. రీలు కీచుమంటూ వంద గజాల దారం లాక్కుపోయింది. ఇరవై నిమిషాలు పోరాడి పైకి తీశాం, ఏడెనిమిది కిలోలు ఉంటుంది. నా జీవితంలో అంత బలమైన చేపను పట్టలేదు.

ఎనిమిది గంటలకు గాలి పెరిగింది. తిరిగి పోదామనుకునేసరికి ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ అందుకోలేదు. పడవ లోపలికి కొట్టుకుపోతోంది. ఊళ్లో మేడలు చిన్నవైపోతున్నాయి. సెల్‌ఫోనుకు సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. రేడియో కొనలేదు.

లంగరు వేద్దామన్నాను. నేను వెనక వైపు ఉన్నాను కాబట్టి తాడు వెనక కొక్కేనికే కట్టాను. పుట్టి గుండ్రంగా ఉంటుంది, దానికి ముందూ వెనకా ఉండవు, ఎక్కడ కట్టినా ఒకటే. ఈ పడవకు వెనక భాగం పల్లంగా ఉంటుంది, ఇంజన్ బరువంతా అక్కడే. లంగరు అడుగున పట్టగానే పడవ వీపు గాలికి తిరిగింది. మొదటి అల ఇంజన్ మీదుగా లోపలికి వచ్చింది. రెండోది మోకాళ్ల దాకా నింపింది. మూడో అలకు ఇద్దరం నీళ్లలో ఉన్నాం. ఆ ముడి వేసింది నేనే.

నీళ్లలో పడగానే నోరు దానంతటదే తెరుచుకుంది. ఊపిరి లోపలికే పోతోంది, బయటకు రావడం లేదు. పిలుద్దామంటే మాట లేదు. ఈత వచ్చిన చేతులు ఈత మరిచిపోయాయి. నాకు నారింజ రంగు లైఫ్ జాకెట్ ఉంది. పొద్దున చలిగా ఉందని వేసుకున్నాను, అంతే. వాడిది సీటు మీద ఉండి కొట్టుకుపోయింది.

కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయం ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ గడ్డకట్టించే నీళ్ల గురించి చెప్పే లెక్క ఒకటుంది. మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత పది నిమిషాలు చేతులు పనిచేస్తాయి, స్పృహ తప్పడానికి గంట. మునిగేవాళ్లు చాలామంది ఆ గంట దాకా కూడా ఉండరు. ఇది నేను ఆసుపత్రిలో చదివాను. నీళ్లలో ఉన్నప్పుడు తెలిసింది ఒక్కటే, నా వేళ్లు నా మాట వినడం లేదు. వాడు నా జాకెట్ పట్టీలోకి మణికట్టు దూర్చాడు. వేళ్లతో పట్టుకోలేక చేసిన పని అది. తిరగబడిన పడవ మీదికి ఛాతీ దాకా ఎక్కి ఇద్దరం వేలాడాం. గట్టుకు ఈదుదామని వాడు రెండుసార్లు అన్నాడు. వద్దన్నాను. మూడోసారి వాడు ఏమీ అనలేదు. "ఏరా, మాట్లాడు" అని అరుస్తూనే ఉన్నాను. వాళ్ల అమ్మ పేరు చెప్పమన్నాను. చెప్పలేకపోయాడు.

నలభై నిమిషాల తర్వాత జనాన్ని వేటకు తీసుకెళ్లే పెద్ద పడవ ఒకటి మమ్మల్ని చూసింది. నా నారింజ రంగే కనబడిందట. దాని కెప్టెన్ పెద్దాయన. మమ్మల్ని నిలబడనివ్వలేదు, అడ్డంగానే పైకి లాగి పడుకోబెట్టాడు. తడి బట్టలు కోసేశాడు. చేతులూ కాళ్లూ రుద్దబోయిన మనిషిని వారించాడు. చల్లబడ్డ రక్తం ఒక్కసారిగా గుండెకు చేరితే ప్రమాదమట.

నేను రెండో రోజుకే ఇంటికొచ్చాను. వాడి ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయాయి, తొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాడు. కెప్టెన్ వాణ్ణి చూడ్డానికి వచ్చినప్పుడు 1967 సంగతి చెప్పాడు. పసిఫిక్ నుంచి తెచ్చి వదిలిన కోహో సాల్మన్ మొదటిసారి పెద్దవై తిరిగొచ్చిన ఏడాది. ఆ పిచ్చిలో చిన్న పడవలు వందల కొద్దీ సరస్సు మీదికి పోయాయి. సెప్టెంబరు 23న తుపాను గాలి లేచి ప్లాట్ బే దగ్గర ఏడుగురు చనిపోయారు. గాలి హెచ్చరిక ముందే ఉంది.

2022 నవంబరులో మిస్సోరిలోని ఓజార్క్స్ సరస్సులో మన తెలంగాణ విద్యార్థులు ఇద్దరు మునిగిపోయారని వార్త వచ్చిన రోజు నేను ఆఫీసులో పని చేయలేకపోయాను. దుర్గం చెరువు గట్టున సాయంత్రం దాకా కూర్చున్నాను.

తమ్ముడు అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పోవద్దంటవా అన్నా?" అన్నాడు. పొమ్మనే చెప్పాను. మొదటి ఏడాది పెద్ద పడవలో డబ్బులిచ్చి పొమ్మన్నాను. సొంతంగా పోతే, ఆపదలో సాయం పిలిచే పదహారో ఛానెల్ పట్టే రేడియో లేకుండా రేవు దాటొద్దన్నాను. లంగరు ముక్కుకే కట్టాలని కాగితం మీద బొమ్మ గీసి చూపించాను.

మర్నాడు బ్యాగులో జాకెట్ తీసుకెళ్లాను. నాది కాదు, వాడి కోసం కొన్నది. నా దానికి ఒక పట్టీ సాగిపోయి ఉంది, అది ఇంట్లోనే ఉంటుంది. మీటింగ్ రూమ్ తలుపు మూసి వాడికి తొడిగాను. పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర రెండు చేతులతో పైకి లాగి చూశాను. గడ్డం దాటి పైకి వచ్చింది. విప్పి, ఇంకో రెండు వేళ్లు బిగించి, మళ్లీ లాగాను.