మైనస్ ఇరవై ఏడులో తొమ్మిది శాతం!

మన సినిమాల్లో మంచుపాట వచ్చిందంటే హీరోగారికి తోలుకోటు, మఫ్లరు, చేతులకి గ్లవుజులు వుంటాయి. పక్కన హీరోయిన్ మాత్రం పల్చటి షిఫాన్ చీరలో నవ్వుతూ తుళ్ళుతూ వుంటుంది. ఆ పాటలు చూసి చలి గురించి ఓ అభిప్రాయానికి వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2025 జనవరిలో నార్వే దేశపు ఉత్తరకొసన ఆ అభిప్రాయం కాస్తా వదిలిపోయింది.

నేను వెళ్ళింది ట్రోమ్సో అనే వూరికి. ఆర్కిటిక్ వలయానికి సుమారు 350 కిలోమీటర్లు పైన వుంటుంది. 1991 నుంచీ ప్రతి జనవరిలోనూ అక్కడ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరుపుతున్నారు. చోద్యం ఏమిటంటే, ఆ రోజుల్లో ఆ వూళ్ళో సూర్యుడే వుండడు! నవంబరు చివర్లో అస్తమించిన మహానుభావుడు కొండలు దాటి జనానికి మొహం చూపించేసరికి జనవరి 21 అవుతుంది. ఆనాడు వూరంతా పండగ చేసుకుని ‘సూర్యుడి బన్నులు’ తింటారు. ఈలోగా మధ్యాహ్నంపూట రెండుమూడు గంటలసేపు ఆకాశం నీలంగా మారుతుంది, అంతే. హాల్లోంచి ఎప్పుడు బయటికొచ్చినా సెకండ్ షో వదిలినట్టే వుంటుంది.

వెర్డెన్స్‌టేయాట్రెట్ అని 1916 నాటి సినిమాహాలు వుంది. మూకీల కాలంలో కట్టింది, ఇప్పటికీ సినిమా ఆడుతోంది. అది కాక వూరి నడిబొడ్డున చౌకులో ఆరుబయట తెరకట్టి ఉచితంగా సినిమాలు వేస్తారు. జనం మంచులో నిలబడి, ఆవిర్లు కక్కుతూ చూస్తారు. మన తిరునాళ్ళ సినిమా లాంటిదే అనుకోండి. ఇసక బదులు మంచు, వేరుశనక్కాయల బదులు కాఫీ!

సరే, సినిమాల సంగతి వచ్చే వ్యాసంలో. ఇప్పుడు చెప్పబోయేది కారు సంగతి.

నాకు ఆతిథ్యం ఇచ్చింది ఒక తెనాలి కుర్రాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు. వాళ్ళమ్మగారు మూడు నెలల కోసం కొడుకు దగ్గరికి వచ్చివున్నారు. నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఎక్కడికి కదిలినా రబ్బరు వేడినీళ్ళ సంచి ఒడిలో వుండాల్సిందే. వచ్చి రెండు నెలలైనా ఆవిడ ఆకాశంలో ఆ ఆకుపచ్చ ఉత్తరకాంతులు చూడలేదు. వారం రోజులుగా ట్రోమ్సో మీద మబ్బు కదలదు. పైవారం ఆవిడ తిరుగు ప్రయాణం.

“అన్నయ్యా, ఫిన్లండ్ సరిహద్దు దాటితే కిల్పిస్‌యార్వి అని చిన్న వూరు. సుమారు 160 కిలోమీటర్లు. అక్కడ మబ్బుండదట. పోయొద్దామా?” అన్నాడు కుర్రాడు.

పొద్దున తొమ్మిదింటికి నేను తప్పకుండా చూసి రాయాల్సిన సినిమా వుంది. రాస్తేనే డబ్బులు, ఫ్రీలాన్సు బతుకు కదా! అయినా, రాత్రికి వచ్చేస్తాంగా అని బయల్దేరాం.

కుర్రాడిది సెకండ్‌హాండ్‌లో కొన్న పాత ఎలక్ట్రిక్ కారు. ఆ దేశంలో అదేం విశేషం కాదు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో నూటికి దాదాపు 89 ఎలక్ట్రిక్‌వే. చమురు అమ్ముకుని బతికే దేశం, తను మాత్రం కరెంటు మీద తిరుగుతోంది! దీని వెనక ఓ సినీఫక్కీ కథ వుంది. ‘ఆ-హా’ అని 1985 ప్రాంతాల ప్రపంచాన్ని ఉర్రూతలూపిన నార్వే పాటల బృందం గుర్తుందా? 1989లో ఆ బృందంలో ఇద్దరు, ఒక పర్యావరణ కార్యకర్త కలిసి, కరెంటు బండిగా మార్చిన ఫియట్ పాండా కారు తెచ్చుకుని ఓస్లోలో టోలు కట్టం పొమ్మని తిరిగారు. జరిమానా వేశారు. కట్టలేదు. కారు జప్తు చేసి వేలం వేశారు. వీళ్ళే పాడుకున్నారు! మళ్ళీ టోలు కట్టకుండా తిరిగారు. ఈ తతంగం మళ్ళీ మళ్ళీ నడిచి పత్రికలన్నీ రాశాయి. 1990లో రిజిస్ట్రేషను పన్ను మినహాయించారు, 1997లో టోలు తీసేశారు. పాటగాళ్ళ అల్లరి పన్నుల చట్టం దాకా వెళ్ళిందన్నమాట.

సాయంత్రం నాలుగింటికి ట్రోమ్సోలో మైనస్ 4. సముద్రంలో వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల తీరంలో చలి మరీ అంతగా ముదరదు. లోపలికి పోతున్నకొద్దీ అసలు రంగు బయటపడుతుంది. డెబ్భై కిలోమీటర్ల దూరంలో నూర్‌షోస్‌బోత్న్ అనే కూడలికి చేరేసరికి మైనస్ 13. అక్కడ నలభై నిమిషాలు చార్జింగు పెట్టి 85 శాతం చేసుకున్నాం. పిన్నిగారి సంచిలో వేడినీళ్ళు కూడా కొత్తవి పోయించాం.

పెట్రోలు ఇంజను సగానికి పైగా ఇంధనాన్ని వేడిగా వృథా చేస్తుంది. చలిదేశంలో ఆ వృథాయే వరం. కారు లోపల వెచ్చదనం పైసా ఖర్చు లేకుండా వస్తుంది. ఎలక్ట్రిక్ మోటారు అంత వేడి పుట్టించదు. కనక మన ఒంటికి వెచ్చదనం కావాలంటే బాటరీలోంచి తీసి ఇవ్వాల్సిందే. నార్వే ఆటోమొబైల్ సమాఖ్యవాళ్ళు 2020 చలికాలంలో 20 కార్లు నడిపి చూస్తే, కంపెనీలు చెప్పిన దూరంలో సగటున 18.5 శాతం తరిగిందట. కాస్త చలికే అంత. మైనస్ ఇరవై దాటాక, పాతబండి అయితే, ఇంకేం చెప్పమంటారు!

షీబోత్న్ దగ్గర సముద్రం వదిలి కొండ ఎక్కేచోట 52 శాతం వుంది. “ఇక్కడ కాసేపు ఆగుదామా?” అన్నాను. “యాభై కిలోమీటర్లే కదన్నయ్యా, హాయిగా సరిపోతుంది” అన్నాడు. నేనూ సరేనన్నాను. తప్పు ఇద్దరిదీ.

ఎక్కుడు రోడ్డు. ఎదురుగాలి. ఒకచోట రెయిండీరు మంద రోడ్డుకి అడ్డంగా తీరిగ్గా నిలబడింది. మీటరు మీద అంకె చూస్తుండగానే కరిగిపోతోంది. 30... 24... 19. బయట మైనస్ 22. పదిహేడు దగ్గర కుర్రాడు మాట్లాడకుండా హీటరు కట్టేశాడు.

పది నిమిషాల్లో మా ఊపిరి తగిలి అద్దం లోపలివైపున మంచు పొర కట్టింది. నేను బస్సు టిక్కెట్టు కార్డుతో గీకుతూ కూచున్నా. కాలివేళ్ళు నావి కానట్టయ్యాయి. వెనక సీట్లో పిన్నిగారు రెండు శాలువాలు, ఓ రజాయి కప్పుకుని ఆంజనేయ దండకం అందుకున్నారు. సెల్‌ఫోను గంట ముందుకి జరిగింది. ఫిన్లండ్ గడియారం అది. సరిహద్దు దాటామని అప్పుడే తెలిసింది!

మైనస్ 27లో, 9 శాతంతో కిల్పిస్‌యార్వి చేరాం.

అమ్మయ్య అనుకుంటూ చార్జింగు స్తంభం దగ్గర ఆపి దిగితే, కారు చార్జింగు మూత రాదే! దారిలో ఎగిరిపడ్డ తడిమంచు గడ్డకట్టి మూతని అంటించేసింది. కుర్రాడు గుద్దాడు, గోకాడు. గట్టిగా లాగితే ప్లాస్టిక్ విరుగుతుంది. వేడినీళ్ళు పోస్తే అవీ అక్కడే గడ్డకడతాయి. ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాం. వెనక తలుపు తెరుచుకుంది. పిన్నిగారు రజాయితో సహా దిగి, “ఇదుగో, ఇది పెట్టి చూడండ్రా” అంటూ ఒళ్ళోని సంచి అందించారు. అప్పటికే గోరువెచ్చగా మిగిలింది. ఆవిడకి వున్న వెచ్చదనం అంతా అదే. “మీకెలా పిన్నిగారూ?” అంటే “ముందు బండి సంగతి చూడు నాయనా!” అన్నారు.

మూత మీద సంచి అదిమిపట్టి అయిదు నిమిషాలు నిలబడ్డాను. టక్కుమంది.

చలికి కర్రలా బిగుసుకుపోయిన కేబులు ఇద్దరం పట్టుకుని తగిలించాం. యాభై కిలోవాట్లు ఇచ్చే స్తంభం మీద తొమ్మిది అని అంకె పడింది. పాడైందేమో అనుకున్నా. కాదట. చలికి బాటరీ లోపలి ద్రవం చిక్కబడుతుంది, లిథియం కదలిక మందగిస్తుంది. ఆ స్థితిలో బలవంతంగా కరెంటు ఎక్కిస్తే లిథియం లోపలికి ఇంకకుండా పైపైన లోహంలా పేరుకుని బాటరీ శాశ్వతంగా చెడిపోతుంది. అందుకని కారే జాగ్రత్తపడి కొంచెం కొంచెం పుచ్చుకుంటుంది. జ్వరం పడి లేచినవాడికి పలుచటి జావ పట్టినట్టు! కొత్త కార్లయితే, ఫలానా స్తంభం దగ్గరికి వెళుతున్నామని ముందే చెబితే దారిలోనే బాటరీని వేడిచేసుకుంటాయి. మా పాతబండికి ఆ వైభోగం లేదు.

మూడు గంటలు పడుతుందని తేలింది. పక్కనే వున్న హోటలు వరండాలో కూచోనిచ్చారు. కౌంటరు దగ్గర అమ్మాయి అడగకుండానే సంచి తీసుకెళ్ళి మరిగేనీళ్ళు నింపి తెచ్చింది. హోటలు ముందు ప్రతి కారుకీ ఓ చిన్న కరెంటు స్తంభం. పెట్రోలు బళ్ళూ వైరు తగిలించుకుని వున్నాయి! ఇంజను గడ్డకట్టకుండా వేడిచేసే ఏర్పాటట. ఎలక్ట్రిక్ కార్లు రాకముందు నుంచీ ఆ దేశంలో రాత్రిపూట కార్లకి ప్లగ్గు పెట్టడం వుంది. లంబసింగి చలినే గొప్పగా చెప్పుకునే మనకి ఇది వింతే మరి.

పదిన్నర ప్రాంతాల బయట కేకలు వినిపించాయి. పరిగెత్తాం. కొండ మీదుగా ఆకుపచ్చటి చీర ఆరేసినట్టు ఓ కాంతి, అంచు గులాబీరంగు. ఊగుతోంది, మడత పడుతోంది, మళ్ళీ విప్పుకుంటోంది. ఏ కెమెరామాన్ ఏ జెలటిన్ కాగితం పెట్టినా రాని రంగు. నోరు తెరుచుకుని చూస్తూ వుండిపోయా. పిన్నిగారు సంచి గుండెకి హత్తుకుని రెండు నిమిషాలు తలెత్తి చూశారు. చేతులు జోడించారు. తరవాత కొడుకువైపు తిరిగి అడిగారు:

“ఒరేయ్, ఎంతయిందిరా శాతం?”

“నలభై ఒకటమ్మా.”

“ఇంకాస్త కానీ. నేను ఇక్కడే వుంటా.”

మళ్ళీ ఆకాశంకేసి తిరిగారు. ఈసారి స్థిమితంగా చూశారు, మేం లోపలికి రమ్మని పిలిచేదాకా.

దిగుడు దారిలో కారు తక్కువ తాగింది, హీటరు వేసుకునే వచ్చాం. ట్రోమ్సో చేరేసరికి తెల్లవారుఝాము రెండున్నర. తొమ్మిదింటి సినిమాకి తొమ్మిదికి పది నిమిషాలుండగానే వెళ్ళి మూడో వరసలో కూచున్నాను. హాలు వెచ్చగా వుంది. పేర్లు పడటం చూశా. తరవాత దీపాలు వెలగడం చూశా. మధ్యలో కథేమిటో పక్కసీటు పెద్దాయన్ని అడిగి రాసుకున్నాను.