మార్తా అనే అమ్మ

మగపిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు రెండే పార్టీలండీ. మార్వెల్, డీసీ. మా అమ్మ కాలంలో రామారావు, నాగేశ్వరరావు. మా కాలంలో చిరంజీవి, బాలకృష్ణ. మా పిల్లల దగ్గరికి వచ్చేసరికి గొడవ అమెరికా దాకా వెళ్లింది.

మావాడు మార్వెల్. మా మరిది కొడుకు డీసీ. ఇంటర్ చదువు కోసం వాడు రెండేళ్లుగా మా దగ్గరే ఉంటున్నాడు. అన్నం దగ్గర కూర్చుంటే చాలు, మొదలు. 2008లో 'ఐరన్ మ్యాన్' నుంచి 2019లో 'ఎవెంజర్స్: ఎండ్‌గేమ్' దాకా 22 సినిమాలు ఒకదానికొకటి ముడివేసుకుంటూ వచ్చారు, మీవాళ్లకి ఆ ఓపికేదీ అంటాడు మావాడు. ఎండ్‌గేమ్ వసూళ్లు దాదాపు 280 కోట్ల డాలర్లని లెక్క కూడా చెబుతాడు. "డబ్బులొస్తే మంచి సినిమా అయిపోతుందేంట్రా? మా జోకర్ వేషానికి రెండు ఆస్కార్లు. హీత్ లెడ్జర్‌కి ఒకటి, వాకీన్ ఫీనిక్స్‌కి ఒకటి" అంటాడు రెండోవాడు. వినీ వినీ నాకూ పేర్లన్నీ నోటికొచ్చేశాయి. బీఏలో ప్రబంధాలు బట్టీ పట్టిన బుర్రకి ఇవెంత!

ఇంతవరకూ సరదాగానే ఉంటుంది. సినిమా మీద మొదలైన మాట మనిషి మీదకి మళ్లితేనే చిక్కు.

2016లో వచ్చిన 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్'లో ఒక సీన్ ఉంది. బ్యాట్‌మ్యాన్ ఈటె ఎత్తి సూపర్‌మ్యాన్‌ని పొడవబోతాడు. కింద పడి ఉన్నవాడు మార్తాని కాపాడమంటాడు. అది అతన్ని పెంచిన తల్లి పేరు. బ్యాట్‌మ్యాన్ తల్లి పేరూ మార్తాయే. చిన్నప్పుడే ఆమెని కళ్లెదుట కాల్చి చంపేశారు. ఆ పేరు వినగానే అతని చెయ్యి ఆగిపోతుంది. ఈ సీన్‌ని ప్రపంచమంతా వెక్కిరించిందట. మావాడూ వెక్కిరించాడు. అక్కడితో ఆగకుండా "బుర్ర ఉన్నవాడెవడైనా అది చూసి ఏడుస్తాడా?" అన్నాడు.

రెండోవాడు పళ్లెం సింకులో పెట్టి మేడ మీదకి వెళ్లిపోయాడు.

వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా మా తోటికోడలు పోయింది.

కాసేపాగి నేనూ పైకి వెళ్లాను. చాలాసేపటికి నోరు విప్పాడు. "పేర్లు కలవడం కాదు పెద్దమ్మా. అప్పటిదాకా బ్యాట్‌మ్యాన్‌కి వాడొక మనిషిలా కనబడలేదు. వీడికీ అమ్మ ఉందని అప్పుడు తెలిసింది. తన అమ్మని ఎలాగూ కాపాడుకోలేకపోయాడు, ఈవిడనైనా..." అని ఆగిపోయాడు. నేనూ ఇంకేం అడగలేదు.

కిందికొచ్చి మావాడితో మాట్లాడాను. "సీన్ బాలేదమ్మా. అంతసేపూ చంపుతానన్నవాడు ఒక్క పేరు విని మారిపోతే ఎలా నమ్ముతాం?" అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మలుపుకి ముందు నుంచే బాట వెయ్యాలని మా కాలేజీలో మేష్టార్లూ చెప్పేవారు. "సీన్ కుదరలేదని నూరుసార్లు అను. చూసి కదిలినవాడికి బుర్ర లేదని మాత్రం అనకు. సినిమాలో తప్పుంటే అది తీసినవాళ్లది, ఏడ్చినవాడిది కాదు" అన్నాను. వాడు ఏం మాట్లాడలేదు.

ఆదివారం తనే ఎండ్‌గేమ్ పెట్టాడు. మొత్తం కాదు, థోర్ కాలంలో వెనక్కి వెళ్లి తల్లి ఫ్రిగ్గాని కలిసే చోటు ఒక్కటే. ఆ రోజే ఆవిడ చనిపోతుందని కొడుక్కి తెలుసు. చెప్పబోతే ఆవిడ చెప్పనివ్వదు. కొడుకు బాగా లావెక్కాడు కదా, విడిపోయేటప్పుడు కాస్త సలాడ్ తినమంటుంది. లోకాలేలే దేవతైనా తల్లి తల్లేనండీ! నేను నవ్వాను. రెండోవాడు నవ్వలేదు. "మళ్లీ వెయ్యరా" అన్నాడు. రెండోసారి చూశాక "మీవాళ్లు ఇదొక్కటి బాగా తీశారు" అన్నాడు. ఆ 'ఒక్కటి' అన్న మాటకి మావాడు ఎదురు చెప్పకపోవడం నేను చూశాను.

వాడే నాకు ఇంకో సంగతి చెప్పాడు. 2017లో 'జస్టిస్ లీగ్' పూర్తికాకముందే, కూతురు చనిపోయిన దుఃఖంలో దర్శకుడు జాక్ స్నైడర్ తప్పుకున్నారట. సినిమాని ఇంకొకరు పూర్తి చేశారు. స్నైడర్ సినిమా మాకు చూపించండని అభిమానులు ఏళ్ల తరబడి పోట్లాడితే, 2021లో నాలుగు గంటల సినిమా బయటికొచ్చింది. ఆ పోట్లాటలో బూతులకి దిగినవాళ్లూ ఉన్నారు. అదే గుంపులోంచి ఆత్మహత్యల నివారణకి పనిచేసే సంస్థకి లక్షల డాలర్ల చందాలూ వెళ్లాయి. అభిమానం అనేది అన్ని రకాల మనుషుల్లోనూ ఉంటుంది మరి.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు ఒకటే షరతు. సినిమాని ఎంతైనా తిట్టుకోవచ్చు, అది నచ్చినవాణ్ణి తిట్టకూడదు. ఏ సీన్ వెనక ఎవరి అమ్మ ఉందో మనకేం తెలుసు?

నిన్న రాత్రి కూడా పప్పన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. డీసీవాళ్ల 'గ్రీన్ లాంటర్న్' మాటెత్తితే మాత్రం అందరికంటే ముందు వీడే నవ్వేశాడు.