అంకె చెప్పు

ఆశ్రమం వదిలేశాక అన్నిటికంటే కష్టమైంది ఏమిటని అడుగుతుంటారు. భయమే అనుకుంటారు. భయం ఉన్నమాట నిజమే గానీ, ఎవరినీ అడక్కుండా ఏదైనా చెయ్యడం నాకు అంతకంటే కష్టమైంది. విజయవాడ హాస్టల్లో తలంటు పోసుకోవడానికి కూడా పక్క మంచం అమ్మాయిని "పోసుకోనా?" అని అడిగాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "నీళ్లొస్తున్నాయిగా అక్కా" అంది.

లోపల నా పని పత్రిక కంపోజింగ్. ఇంటర్ మధ్యలో మానేసి వెళ్లిన నాకు పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు నేర్పింది వాళ్లే, ఆ మాట దాచను. రోగం తగ్గిందని భక్తులు రాసిన ఉత్తరాలు నా టేబుల్ మీదికి వచ్చేవి. తగ్గలేదని రాసినవాళ్లు కూడా ఉంటారన్న ఆలోచన ఆ వయసులో నాకు రాలేదు. అమ్మ రాసిన ఇన్‌లాండ్ లెటర్లు అతుకు విప్పేసి నా చేతికిచ్చేవాళ్లు. చోటు చాలక అంచుల్లో అడ్డంగా రాసేది అమ్మ. ఏం రాసేదో ఒక్క వాక్యమూ గుర్తు రావడం లేదు.

నాన్న పోయిన కబురు పెద్దకర్మ అయిపోయాక చెప్పారు. అక్కడితో ఆశ్రమంతో బంధం తెగిపోయింది.

నేను బయటికొచ్చింది 2004 ఎన్నికల ముందు కావడంతో ప్రెస్సుల్లో రాత్రింబవళ్లు పని. ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సులో చేరాను. రోలర్లు కడిగే కిరసనాయిలు, ఇంకు కలిసిన ఆ వాసన నా చీరల్లోంచి ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. నేను ట్రేసింగ్ తీసిస్తే ప్లేటు వేసేవాళ్లు. కరపత్రం అడుగున ప్రింటర్ పేరు, అడ్రసు చట్టప్రకారం ఉండాల్సిందే, అది పడిందో లేదో చూసే పని నాది.

ఓనరుగారు మొదటి వారంలోనే అడిగారు, "జీతం ఎంతనుకుంటున్నావమ్మా?"

"మీ దయండీ."

"దయేంటమ్మా? పని చేస్తున్నావు. అంకె చెప్పు."

చాలాసేపు నోరు పెగల్లేదు. చివరికి ఎంత చెప్పానో మర్చిపోయాను గానీ, ఆయన జేబు మీద ప్రూఫులు దిద్దే ఎర్ర పెన్ను కక్కిన మరక ఇప్పటికీ కళ్లకు కడుతుంది. అన్నేళ్ల నా పనికి సేవ అని పేరు పెట్టి రూపాయి ఇవ్వని చోటినుంచి వచ్చినదాన్ని. ఆయన అడిగిన ఆ ప్రశ్నే నన్ను నిలబెట్టిందని నమ్ముతాను.

నా పదో తరగతి సర్టిఫికెట్ ఆశ్రమం బీరువాలోనే ఉండిపోయింది. ఫోన్ చేస్తే "స్వామివారిని అడగాలి" అన్నారు. ఇంటర్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీలో చేరవచ్చని ప్రెస్సులో బైండరు చెప్పాడు. రాశాను. ఆదివారం క్లాసుల్లో నా పక్కన ఒక అంగన్‌వాడీ టీచరు కూర్చునేది. నేను ఎక్కణ్నుంచి వచ్చానో ఏనాడూ అడగలేదు. నోట్సు మాత్రం ఇచ్చేది.

"చదువుకున్నదానివి, ఎలా నమ్మావు?" అని బంధువులు ఇప్పటికీ నిలదీస్తారు. బయటికొచ్చిన మనిషికి ఆ ప్రశ్న కూడు పెట్టదు. తలదాచుకోను ఒక మంచం, చేతికి నెల జీతం, ఒక కాగితం మీద తన పేరు, ఇవి ముందు కావాలి. ఇచ్చేవాళ్లు తక్కువ.

లోపల వంటశాలలో నాతో ఉన్న స్నేహితురాలు మొన్న ఎవరి ఫోన్లోంచో మాట్లాడింది. నా క్షేమం అడగలేదు, తన కష్టం చెప్పలేదు. విజయవాడలో గది అద్దె ఎంతుంటుందని అడిగింది. అద్దె, అడ్వాన్సు, బస్సు ఎక్కడ దిగాలో, అన్నీ రెండుసార్లు చెప్పాను.