ప్రహ్లాదుడి మొదటి బడి

అహోబిలం వెళ్ళొచ్చినవాళ్ళని కదిలిస్తే నవ నారసింహుల గురించే చెబుతారు. ఎన్ని గుళ్ళు చూశారు, ఉగ్రస్తంభం దాకా ఎక్కగలిగారా లేదా... మాటలన్నీ వాటి చుట్టూనే. కానీ ఈ నల్లమల కొండల్లో స్వామితోపాటు ఓ పసివాడి పేరూ అడుగడుగునా వినిపిస్తుంది. దిగువ అహోబిలంలో కొలువైన స్వామి ప్రహ్లాద వరదుడు. ఎగువన ప్రహ్లాదుడికి ఏకంగా ఓ బడే ఉంది!

దిగువ నుంచి ఎగువ అహోబిలానికి సుమారు 8 కిలోమీటర్లు. అంతవరకూ బండ్లు వెళ్తాయి. ఆ తర్వాత చేతికర్రే తోడు. భవనాశిని వాగు వెంట బండరాళ్ళ మీద నడుస్తూ, మెట్లెక్కుతూ మాలోల నరసింహస్వామి గుడి దాటి ముందుకెళ్తే ప్రహ్లాద బడి కనిపిస్తుంది. బడి అంటే గదులూ బల్లలూ ఊహించుకోకండి. కొండ చరియ కింద చిన్న గుహ. రాతి మీద అక్షరాల్లాంటి గీతలు. పైనుంచి జారే నీటి తడి. ప్రహ్లాదుడు అక్షరాలు దిద్దింది ఇక్కడేనని స్థానికులు చెబుతారు.

ఆ గీతల ముందు నిలబడితే ఓ సందేహం రాకమానదు. చండామార్కులు చెప్పిన పాఠాలేవీ ఆ పిల్లవాడికి ఎక్కలేదు కదా, మరి వాడు నేర్చిన చదువు ఎక్కడిది?

జవాబు భాగవతం సప్తమ స్కంధంలో ఉంది. తోటి పిల్లలు ఇదే ప్రశ్న అడిగితే ప్రహ్లాదుడే చెబుతాడు. హిరణ్యకశిపుడు తపస్సుకి వెళ్ళిన అదను చూసి దేవతలు రాక్షసుల మీద దండెత్తారు. నిండుచూలాలైన రాణిని ఇంద్రుడు ఈడ్చుకుపోతున్నాడు. బిడ్డ పుట్టగానే చంపేసి, తల్లిని వదిలేస్తాడట! ఏడుస్తున్న ఆమెను నారదుడు విడిపించి తన ఆశ్రమానికి తీసుకెళ్ళాడు. భర్త తిరిగొచ్చేదాకా ఇక్కడే ఉండమన్నాడు. సంస్కృత భాగవతంలో ఆమె కయాధువు, మన నాటకాల్లో, సినిమాల్లో లీలావతి. ఆమె వింటుంటే నారదుడు ధర్మం చెప్పాడు, జ్ఞానం చెప్పాడు. కాలం గడిచి తల్లి మరిచిపోయింది. కడుపులో ఉన్నవాడు మరవలేదు.

కొండ దిగాక కొబ్బరికాయలమ్మే ఓ అవ్వ దగ్గర ఈ కథ కదిపితే ఆమె తేలిగ్గా తేల్చేసింది. ‘‘కడుపులో ఉన్నోళ్ళకి అన్నీ ఇనపడతాయి నాయనా. అందుకే కడుపుతో ఉన్న పిల్లని ఎవురూ కసురుకోగూడదు’’ అంది.

అన్నీ కాకపోయినా, కొన్ని వినిపిస్తాయన్న మాట నిజమే. ఆరో నెల దాటుతుండగా గర్భస్థ శిశువుకి శబ్దాలు తెలియడం మొదలవుతుంది. బయటి మాటలు మందంగా అందుతాయి. అమ్మ గొంతు మాత్రం ఆమె ఒంటి గుండానే చేరుతుంది. అర్థం తెలియదు కానీ లయ తెలుస్తుంది. అమెరికాలో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ 1980లో చేసిన ప్రయోగంలో, పుట్టి మూడు రోజులైనా నిండని పసికందులు వేరే ఆడవాళ్ళ గొంతుకన్నా తల్లి గొంతు వినడానికే ఇష్టపడ్డారు. 1986లో డికాస్పర్ మరో పరిశోధన ప్రచురించారు. అందులో కొందరు గర్భిణులు చివరి ఆరు వారాలూ రోజుకి రెండుసార్లు ఒకే పిల్లల కథను పైకి చదివారు. పుట్టాక ఆ పిల్లలు కొత్త కథకన్నా ఆ పాత కథకే మొగ్గు చూపారు. చదివింది మరొకరైనా సరే!

అలాగని కడుపులోనే ఎక్కాలూ శ్లోకాలూ నేర్పించేయొచ్చని కాదు. ఈ రోజుల్లో గర్భిణుల కోసం ప్రత్యేక తరగతులొచ్చాయి. పొట్ట మీద ఇయర్‌ఫోన్లు పెట్టి సంగీతం వినిపించేవాళ్ళూ ఉన్నారు. దాంతో ‘ఈ రోజు బిడ్డకేమీ వినిపించలేదే’ అన్న బెంగ తల్లికి అదనం. పద్మవ్యూహం కథ వింటూ సుభద్ర నిద్రపోబట్టే అభిమన్యుడి చదువు సగంలో ఆగిందని లోకంలో ఓ మాట ఉంది. నిండు నెలల మనిషి కునుకు తీయడం కూడా తప్పేనా?

నారదుడి కథను మళ్ళీ ఓసారి చూడండి. ఆయన మొదట చెప్పింది పాఠం కాదు. భయంతో వణికిపోతున్న ఆడమనిషికి నీడ ఇచ్చాడు. ఆమె మనసు కుదుటపడ్డాకే మాటలు మొదలయ్యాయి. కాబట్టి బిడ్డతో ఏం మాట్లాడాలన్న దిగులు అక్కర్లేదు. కూర తరుగుతూ కబుర్లు చెప్పొచ్చు, వచ్చిన పాట పాడుకోవచ్చు. నాన్న కూడా పక్కన కూర్చుని పలకరించొచ్చు. సీమంతంలో ముత్తైదువలంతా చేరి గాజులు తొడిగి, పాటలు పాడేదీ ఆ తల్లి చుట్టూ నవ్వులుండాలనే కదా.

అహోబిలం నంద్యాల జిల్లాలో ఉంది. రైల్లో వెళ్ళేవాళ్ళు నంద్యాలలో దిగి, ఆళ్ళగడ్డ మీదుగా రోడ్డు దారిన చేరుకోవచ్చు. గర్భిణులు మాత్రం కొండదారుల సాహసం పెట్టుకోవద్దు. దిగువన ప్రహ్లాద వరదుడి దర్శనం చాలు. పైనున్న రాతి బడి ప్రహ్లాదుడికి రెండోది. మొదటిది అమ్మ కడుపు. అది ఏ ఇంట ఉంటే ఆ ఇంట నలుగురూ కాస్త మెల్లగా, మంచిగా మాట్లాడితే అంతకన్నా పాఠం లేదు.