తెర మీది మనిషి, గడప ముందరి మనిషి

పోయిన ఏడాది చలికాలంలో ఒక సాయంత్రం, పాఠం ముగిసి పిల్లలందరూ వెళ్ళిపోయినా ఒక విద్యార్థి మాత్రం కదలక కూర్చున్నాడు. పన్నెండేళ్ళవాడు. పగలు బడికి వెళ్ళి, అస్ర్ నమాజు తరువాత మా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకొంటాడు. ఏమైందని అడుగగా తల వంచుకొని, "హజ్రత్, బడి వార్షికోత్సవంలో నాటకం వేస్తున్నారు. బాంబు పెట్టేవాడి వేషం నాకిచ్చారు. నీ పేరుకు అదే సరిపోతుంది అన్నారు" అన్నాడు.

ఆ మాట అన్నవారు ద్వేషంతో అనలేదని మాకు తెలుసు. సినిమాలో చూసినదే వారికి తోచింది. మమ్మల్ని ఎక్కువ బాధించింది కూడా ఇదే.

మేము సినిమాలు చూసే అలవాటు ఉన్నవారము కాము. అయినా పిల్లవాడికి జవాబు చెప్పవలసిన బాధ్యత మాపై పడింది. కువైట్‌లో పనిచేస్తూ సెలవుపై వచ్చిన మా మేనల్లుని అడిగి కొన్ని తెలుగు చిత్రాల కథలు తెలుసుకొన్నాము, కొన్ని ఘట్టాలు చూశాము. 2002లో కృష్ణవంశీ తీసిన 'ఖడ్గం'లో అంజద్ అనే ఆటో డ్రైవరు దేశం కోసం ప్రాణమిచ్చే మనిషి. అతని తమ్ముడు ఉగ్రవాదుల వలలో పడతాడు. దర్శకుని ఉద్దేశం మంచిదే. అయినా ముస్లిం మంచివాడని తేలాలంటే దేశభక్తి పరీక్ష నెగ్గవలసిందేనా అన్న ప్రశ్న మాకు మిగిలింది. 2010లో క్రిష్ తీసిన 'వేదం' ఆ అనుమానాన్నే తప్పుపట్టింది. నిరపరాధి రహీముద్దీన్ పడే వేధింపులను చూపి ప్రేక్షకుని మనసు కదిలించింది. 2022 నాటి 'ఆర్ ఆర్ ఆర్'లో భీమ్ ఢిల్లీలో అక్తర్ అన్న పేరుతో ఒక ముస్లిం కుటుంబం నీడన తలదాచుకొంటాడు. మంచిని మంచి అని ఒప్పుకోవడం న్యాయం.

కాని ఎక్కువగా కనిపించేది మూడు వేషాలే: ఉగ్రవాది, దేశభక్తిని చాటుకొనే స్నేహితుడు, వచ్చీరాని తెలుగుతో నవ్వించే సాయిబు. మా ఊరి పేరు సీతారామపురం. ఆ పేరు చెప్పుకోవడానికి మాకు ఏనాడూ సంకోచం కలుగలేదు. పక్కన ఉదయగిరిలో కొయ్యతో చెంచాలు, గరిటెలు చెక్కి బతికే ముస్లిం కుటుంబాలున్నాయి. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పిఠాపురం ఉమర్ ఆలీషా తెలుగులో పద్యకావ్యాలు రాశారు. ఇన్ని తరాలుగా ఈ నేల మీద, ఈ భాషలో బతుకుతున్నవారు తెర మీదికి వచ్చేసరికి పరాయివారవుతున్నారు.

మా ఆవేదన విని మేనల్లుడు ఒక ఇటలీ చిత్రం సంగతి చెప్పాడు. 2023లో మత్తెయో గర్రోనే తీసిన 'ఇయో కాపితానో' అది. సేదూ, మూసా అనే ఇద్దరు కుర్రవాళ్ళు సెనెగల్ దేశపు డాకార్ నుంచి బయలుదేరి, సహారా ఎడారినీ లిబియా చెరలనూ దాటి ఇటలీ దారి పడతారు. పడవ నడపడం ఎరుగని పదహారేళ్ళ సేదూ చేతికి నిండు పడవను అప్పగిస్తారు. ఒక్కరినీ చావనివ్వకుండా ఒడ్డు చేర్చాలని వాడు తపిస్తాడు. "మామూ, ఒడ్డున నిలబడి చూసేవాళ్ళ కళ్ళతో తీయలేదు. పడవలో ఉన్నవాడి కళ్ళతో తీశారు. నేనూ పరాయి దేశంలో ఉన్నవాణ్ణి కదా, అందుకే మరచిపోలేకపోతున్నాను" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కొన్ని నెలల క్రితం రోడ్డు పనికి బీహారు నుంచి వచ్చిన కూలి కుర్రవాడొకడు మగ్రిబ్ వేళ మసీదు గడప ముందు నిలిచి సలాం చేశాడు. మేము సలాముకు బదులిచ్చి, ఆ వెంటనే, "ఆధార్ కార్డు ఉందా?" అని అడిగాము. కాళ్ళకు దుమ్ము, ముఖాన అలసట. వాడు మారు మాట్లాడక జేబులోంచి కార్డు తీసి చూపించాడు. మంచినీళ్ళు ఇవ్వాలన్న సంగతి నమాజు తరువాత గాని మాకు గుర్తుకు రాలేదు. బడివారు మా పిల్లవాడిని చూసిన కళ్ళతోనే మేము వాడిని చూశాము. హుజురాత్ సూరా ఇతరులను ఎగతాళి చేయడాన్ని, అతిగా అనుమానించడాన్ని నిషేధించి, జాతులూ తెగలూ ఉన్నది ఒకరినొకరు తెలుసుకోవడానికని బోధిస్తుంది. ఎన్నో ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్న మాకే అది అవసరమైన వేళ గుర్తుకు రాలేదు.

మరునాడు బడికి వెళ్ళి ప్రధానోపాధ్యాయుణ్ణి కలిశాము. ఫిర్యాదుగా కాక, పిల్లవాడు ఏమన్నాడో అంతే చెప్పాము. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "మాకు తోచలేదండీ" అన్నారు. "మాకూ ఒకసారి తోచలేదు" అన్నాము. వార్షికోత్సవం నాడు ఆ పిల్లవాడు వేదిక పక్కన నిలబడి, చక్కని తెలుగులో ఒక్కొక్క కార్యక్రమాన్నీ ప్రకటించాడు.

ప్రియ సోదర సోదరీమణులారా! సినిమావారికి మనం చెప్పవలసింది ఉంది, చెబుదాము. పిల్లవాడు నొచ్చుకొని ఇంటికి వస్తే కోపంతో గాని మౌనంతో గాని వదిలేయకుండా, దగ్గర కూర్చోబెట్టుకొని మాట్లాడదాము. వీటితోపాటు మన గడప ముందుకు వచ్చే కొత్త మనిషిని ఏ కళ్ళతో చూస్తున్నామో కూడా పరీక్షించుకొందాము. రోడ్డు పని ముగిసింది, ఆ కుర్రవాడు వెళ్ళిపోయాడు. వాడి కార్డు శ్రద్ధగా చూసినవారమే, కాని వాడి పేరు ఇప్పుడు మాకు జ్ఞాపకం లేదు. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక.